పిలిస్తే పలకని గొంతు

“లోపల దానికేమన్నా అయితే నాకెవరు చెప్తారమ్మా? దానికి చలి. ఇంత ఎండల్లోనూ చలే. కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం పోయినా, నిద్రపోతోందిలే అనుకుంటారు వీళ్లు.”

పోలీసు స్టేషను వరండాలో బెంచీ చివర కూర్చుని తల్లి ఈ మాట అనేసరికి లోపల ఇంకా ఏమీ మొదలే కాలేదు. అయినా ఆమెకి అంతా అయిపోయినట్టే ఉంది. ఆమె తీరే అంత. ఫోను మోగితే యాక్సిడెంటు, మోగకపోతే అంతకన్నా పెద్ద యాక్సిడెంటు. ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు. ఇన్నేళ్లుగా ఆమె భయపడిన వాటిలో ఒక్కటీ జరగలేదు. తీరా జరిగింది మాత్రం ఆమె ఊహకే అందనిది. ఎవరి పసిపిల్లనో మాయం చేసిందని కూతుర్ని పోలీసులు పట్టుకొచ్చారు.

కూతురి కోసం తల్లి పిలిపించుకున్న డిటెక్టివ్ పక్కనే కూర్చుని ఉంది. ఆమెని ఊరుకోమనలేదు. ఆవిడ ఒకప్పుడు పోలీసు శాఖలోనే పనిచేసి, మానేసి, సొంతంగా కేసులు చూసుకుంటోంది. ఏ పనైనా నిదానం. పాత సహోద్యోగులు చాటుగా ‘నత్తక్క’ అనేవాళ్లు. ఆవిడకి తెలుసు, పట్టించుకునేది కాదు.

“మీకున్న భయాలన్నీ వరసగా చెప్పండి పెద్దమ్మా,” అంది. “నాకు పనికొస్తాయి.”

భయాలు చెప్పమని అడిగిన మనిషి తల్లికి జన్మలో తగల్లేదు. ఇక ఆపకుండా చెప్పింది. కూతురు బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వివరాలు చెప్పే ఉద్యోగం చేస్తుంది. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. రెండేళ్ల నుంచి మనిషి మనిషిలా లేదు. తినేది పిట్టంత, ఒళ్లు మాత్రం పెరుగుతోంది. పొద్దున్నే మొహం ఉబ్బుతుంది. జుట్టు దువ్వెన నిండా ఊడొస్తుంది. ఏదైనా అడిగితే, అన్నం ఉడికేంతసేపటికి జవాబు. పిల్లల్లేరన్న దిగులే దాన్ని ఇలా తినేస్తోందని అందరూ అన్నారు, తల్లీ అదే అనుకుంది.

డిటెక్టివ్ అన్నీ విని, కూతురు వేసవిలో కూడా ఫ్యాను ఆపేస్తుందా అని ఒక్కటే అడిగింది. ఆపేస్తుందంది తల్లి, అల్లుడు వేరే గదిలో పడుకుంటున్నాడని కూడా చెప్పి, చెప్పినందుకు నాలిక కరుచుకుంది.

జరిగిన సంగతి ఇది. నిన్న మధ్యాహ్నం ఒకావిడ తన ఆరేళ్ల కూతురితో బస్టాండు హాల్లో మూడింటి బస్సు కోసం కూర్చుంది. భర్త పోయాడు. వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి, సామాను సర్దుకుని వెళ్లిపోతోంది. పాప నీళ్లు తాగుతానని హాలు చివరి కుళాయి దగ్గరికి వెళ్లింది. అంతలో స్పీకర్లలో ఒక మాట వినబడింది. పాప తప్పిపోయింది, విచారణ కౌంటరు దగ్గర ఉంది, తల్లిగారు వెంటనే రావాలి. ఏ తల్లికి కాళ్లు ఆగుతాయి? కుళాయి వైపు చూస్తే జనం అడ్డం, పాప కనబడలేదు. కౌంటరుకి పరుగెత్తింది. అక్కడ ఏ పాపా లేదు. వెనక్కి వచ్చేసరికి కుళాయి దగ్గరా లేదు. ఆ కుళాయి పక్కనే వెనక గేటు. స్పీకర్లో పలికిన గొంతు మాత్రం బస్టాండుకి వచ్చేపోయే వాళ్లందరికీ తెలిసిన గొంతు, ఈ తల్లి కూతురిది.

ఆ పాప వాళ్లమ్మ ఎదురు బెంచీ మీదే ఉంది. ఏడుపు అయిపోయి, ఉత్త కళ్లతో గోడ చూస్తోంది. ఒళ్లో చిన్న చెప్పుల జత. పాప నిన్న చెప్పులు విడిచేసి కుళాయికి వెళ్లిందట. పక్కన ఆమె బావగారు, అంటే పాప పెదనాన్న. కుర్చీలు, లైట్లు, పెళ్లిసామాన్లు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. నిన్నటి నుంచి మరదల్ని వదల్లేదు. అందరికీ టీ తెప్పించాడు, ఎవరి తరఫు మనిషో కూడా అడక్కుండా తల్లికీ ఒక కప్పు ఇచ్చాడు.

కూతుర్ని లాకప్పులోంచి తీసుకొస్తుంటే తల్లి లేచి నిలబడింది. కూతురు శాలువా కప్పుకుని, కాళ్లకి రాళ్లు కట్టినట్టు నడుస్తోంది. పెదనాన్న ఆమెని చూసి, ఎవరీవిడ అని కానిస్టేబుల్ని అడిగాడు. కానిస్టేబుల్ చెప్పాక కూడా నమ్మలేనట్టు మళ్లీ చూశాడు. కూతురు ఆయన ముందు ఆగిపోయింది. రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తూ నిలబడితే కానిస్టేబుల్ చెయ్యి పట్టి లాగాల్సివచ్చింది.

“సిగ్గు లేకపోతే సరి,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్. “ఆ ఇంటి దీపం ఆర్పి, వాళ్ల మొహంలోకే చూస్తోంది.”

ఇన్‌స్పెక్టర్ పనిలో చురుకైనవాడు. ఈ కేసులో డిటెక్టివ్ వేలు పెట్టడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. ఆడమనిషిని ప్రశ్నించేటప్పుడు తోడుగా తల్లి ఉండాలని ఆవిడ పట్టుబడితే, సరే ఉండమనండి, ఈ సినిమాకి టిక్కెట్టు లేదు కదా అన్నాడు.

లోపల ప్రశ్నలు మొదలయ్యాయి. నిన్న మూడింటికి ముందు ఎక్కడున్నావు? కూతురు అతని మొహం చూసింది. పెదవులు కదిలాయి. అతను మేజా మీద వేళ్లతో కొట్టి రెండో ప్రశ్న వేశాడు. మొదటిదానికి జవాబు గొంతులోకి వచ్చేసరికి మూడోది కూడా వేశాడు. చివరికి ఆమె “నా గదిలోనే” అంది. ఏ ప్రశ్నకి ఆ జవాబో ఎవరికీ తెలియలేదు. బరువైన, బొంగురు గొంతు, నోట్లో నాలిక పట్టనట్టు. తాగి ఉన్నావా అని అడిగాడతను.

తల్లికి ఒళ్లు మండింది. కూతురి బదులు తానే జవాబు చెప్పడం ఆమెకి ఈమధ్య అలవాటైపోయింది. కూరగాయలవాడికీ, అత్తగారికీ, అల్లుడికీ, అందరికీ కూతురి మాట తానే పూర్తిచేసేది. ఇప్పుడూ నోరు తెరిచింది. డిటెక్టివ్ ఆమె మోచెయ్యి మెత్తగా నొక్కింది.

ఇన్‌స్పెక్టర్ తన లెక్క చెప్పేశాడు. పిల్లల్లేని ఆడది. రోజూ హాలు నిండా పిల్లల్ని చూస్తుంది. ఎంత ఆశ పడి ఉంటుంది? ఒక పిల్లని తల్లి నుంచి విడదీయడానికి ఒక్క మాట చాలని ఆమెకి తెలుసు, ఆ మాట చెప్పే మైకూ చేతిలోనే ఉంది. పిల్లని ఎవరి దగ్గర దాచిందో చెప్పాలి, అంతే.

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా నెమ్మదిగానే వచ్చాయి. ఆశ పడిన మాట నిజమని ఆ కళ్లే చెప్తున్నాయి. తల్లి తల తిప్పుకుంది.

“సాక్ష్యం వినండి మేడం,” అంటూ ఇన్‌స్పెక్టర్ రికార్డింగు పెట్టాడు. బస్టాండు స్పీకర్ల తీగలో వెళ్లే ప్రతి మాటా ఆఫీసులో ఒక పెట్టెలో దానంతటదే రికార్డవుతుందట.

గది నిండా ఆ గొంతు పరుచుకుంది. తేటగా, చివర్న చిన్న విరుపుతో, పక్కింటి పిల్లని ఆటకి పిలుస్తున్నంత చనువుగా. పాప తప్పిపోయింది. తల్లిగారు ఎక్కడున్నా వెంటనే రావాలి.

తల్లి లేచి మేజా దగ్గరికి వెళ్లింది. అది తన కూతుర్ని జైలుకి పంపే సాక్ష్యమని ఆమెకి తెలుసు. అయినా కాళ్లు ఆగలేదు.

“ఇంకొక్కసారి వెయ్యి నాయనా,” అంది.

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూనే వేశాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. వంటింట్లో గరిటె పట్టుకుని బస్సుల పేర్లు అప్పజెప్పిన గొంతు. స్నానాలగదిలోంచి వీధి వినేలా పాడిన గొంతు. అమ్మా, నీ భయాలకి ఓ టైం టేబుల్ వేసుకోరాదూ, ఒకదాని మీద ఒకటి వచ్చి గుద్దుకుంటున్నాయి అని ఏడిపించిన గొంతు.

“రెండేళ్లయిపోయింది బాబూ ఈ గొంతు విని,” అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. “దీన్ని ఎక్కడ దాచావే తల్లీ?”

డిటెక్టివ్ అంతవరకూ గోడకి ఆనుకుని ఉన్నది కాస్తా నిటారుగా నిలబడింది.

“విన్నారుగా,” అంది ఇన్‌స్పెక్టర్‌తో. “మీ ఎదురుగా కూర్చున్న మనిషి నిన్న ఈ మాటలు ఈ గొంతుతో చెప్పలేదు. చెప్పకపోవడం కూడా కాదు, అసలు చెప్పగలిగే స్థితిలోనే లేదు. ఆ గొంతు ఆమె దగ్గర లేదు.”

గొంతు మార్చడం ఎంతసేపు, నాటకాల్లో మారుస్తారుగా అన్నాడతను. బొంగురు చేసుకోవడం ఎవరికైనా వస్తుంది, ఇంత తేట చేసుకోవడం ఎలాగో చేసి చూపించమంది ఆవిడ. మాటా మాటా పెరిగింది. చివరికి పక్క ఆస్పత్రి నుంచి డాక్టరమ్మని పిలిపించడానికి అతను ఒప్పుకున్నాడు, తాగిందో లేదో తేలిపోతుందని.

డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది, మళ్లీ చూసింది. కనుబొమల చివర వెంట్రుకలు లేకపోవడం చూసింది. ఉబ్బిన కాలి మీద వేలితో నొక్కితే గుంట పడలేదు. కూతుర్ని కుర్చీ మీద మోకాళ్లతో నిలబెట్టి, మడమ వెనక నరం మీద చిన్న సుత్తితో తట్టింది. పాదం చటుక్కున కదిలింది. కానీ తిరిగి కిందికి రావడానికి మాత్రం, అలిసిపోయిన మనిషి ఇల్లు చేరినట్టు, మెల్లగా మెల్లగా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ కూడా చూశాడు.

“ఇది నటిస్తే రాదండీ,” అంది డాక్టరమ్మ. “తాగుడూ కాదు. రక్తపరీక్ష చేశాకే గట్టిగా చెప్పాలి, కానీ థైరాయిడ్ బాగా తగ్గినట్టుంది. మెడలో ఉండే గ్రంథి. ఒంటికి అది పొయ్యి లాంటిది. మంట తగ్గితే అన్నీ నెమ్మదిస్తాయి. గుండె, పేగులు, ఆలోచన, మాట. గొంతులో తీగలు కూడా వాచి బరువెక్కుతాయి.”

ఇంకా చాలా చెప్పింది. మెదడు కింద ఇంకో గ్రంథి ఉంటుందట. మెడలోది పని మానేస్తే అది పిలుస్తుంది. పలకకపోతే ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా పిలుస్తూనే ఉంటుంది. ఆ పిలుపూ ఒక హార్మోనే, రక్తంలో వాళ్లు కొలిచేది ఆ కేకనే. ఆ కేకల గొడవకి పక్క హార్మోన్లు కూడా దారి తప్పుతాయట. బాలింతకి పాలు పడేట్టు చేసేది బిడ్డ లేకుండానే పెరుగుతుంది, నెలసరి గాడి తప్పుతుంది, అండం విడుదల కాదు.

తల్లి అడగలేక అడిగింది, అయితే పిల్లలు పుట్టకపోవడం కూడానా అని.

“కావచ్చు. రోజూ పరగడుపున ఒక మాత్ర, నీళ్లతో. కాఫీ తర్వాత తాగాలి. కొన్ని నెలలకి చాలామంది మామూలవుతారు. ఆలస్యం చేస్తేనే ప్రమాదం. ఇలాంటి మనిషిని చలిలో, తిండీ నిద్రా లేకుండా ఉంచకండి ఇన్‌స్పెక్టర్ గారూ.”

చలి అని తను అన్నది ఒక్కరూ వినలేదని తల్లి అనలేదు. కూతురి చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుంది. చల్లగా, గరుకుగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ మెత్తబడే రకం కాదు. జబ్బు ఉంటే నేరం చేయరని ఎక్కడుంది అన్నాడు. గొంతు బాగున్నప్పుడు తనే రికార్డు చేసి పెట్టుకుని, నిన్న తనే వేసి ఉండొచ్చుగా? నాలుగింటికి కోర్టు, ఆ తర్వాత జైలు. డిటెక్టివ్ దానికి కోపం తెచ్చుకోలేదు. “మంచి ప్రశ్న. నేనూ ఇప్పుడు అదే అడగడానికి వెళ్తున్నాను,” అని తల్లిని వెంటబెట్టుకుని బస్టాండుకి బయల్దేరింది. చూద్దాంలే అని ఇన్‌స్పెక్టర్ కూడా జీపు తీశాడు.

మైకు గది రెండు మంచాలు పట్టేంత ఉంటుంది. కిటికీ అద్దం పగిలి అట్టముక్క అంటించి ఉంది. గోడ వెనకే బస్సులు తిరగేసే చోటు. డిటెక్టివ్ ఫ్యాను వేసింది. అది ప్రతి చుట్టుకీ కీచుమంది. పెద్దసారు, అంటే అక్కడి అధికారి, అడగకుండానే సంజాయిషీ చెప్పాడు. బస్సుల వివరాలన్నీ అప్పట్లో ఆమెతోనే రికార్డు చేయించారు, ఇప్పుడు మీట నొక్కితే ఆ పాత గొంతే పలుకుతుంది. తప్పిపోయిన పిల్లల సంగతి మాత్రం ఎప్పటికప్పుడు మైకులో చెప్పాల్సిందే, రికార్డు లేదు. ఆమె గొంతు పోయాక అదీ తనే చెప్తున్నాడు.

డిటెక్టివ్ పాత రికార్డింగులు ఒక నాలుగు వేయించింది. ప్రతి దాని వెనకా ఫ్యాను కీచు, ఇంజన్ల రొద, ఎక్కడో హారను. తర్వాత నిన్నటిది వేయించింది. మాటకీ మాటకీ నడుమ ఏమీ లేదు. బావిలో అడుగున ఉన్నంత నిశ్శబ్దం.

“ఈ గదిలో చెప్పిన మాట కాదిది,” అంది. “చీమ చిటుక్కుమనని గదిలో ఎక్కడో చెప్పింది.”

ఈసారి ఇన్‌స్పెక్టర్ తనే హాల్లోకి నడిచాడు. స్పీకర్ల తీగ గోడ మీదుగా కుళాయి పక్కన చేతికి అందే ఎత్తులో పోతోంది. ఏళ్ల దుమ్ము పట్టిన ఆ తీగ మీద ఒక్కచోట కొత్త నల్ల టేపు చుట్టి ఉంది. తీగ కోసి, ఏదో తగిలించి, పనయ్యాక మళ్లీ చుట్టేసిన గుర్తు. తీగలతో చేయి తిరిగినవాడి పని. ఇక్కడ నిలబడి ఆ మాట స్పీకర్లలోకి వదిలి, తల్లి అటు పరుగెత్తగానే ఇటు పాప చెయ్యి పట్టుకుని గేటు దాటాడు. పాప అరవలేదు.

“అరవలేదంటే తెలిసినవాడే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ మొదటిసారి నిదానంగా.

తల్లికి ఆ కుళాయి కింద తడిగచ్చు మీద చెప్పుల్లేని చిన్న పాదాలు కనిపించినట్టయింది. ఎవరి బిడ్డయినా బిడ్డే. అమ్మ పిలుస్తోందేమో, ఎక్కడో పలకలేని చోట వింటోందేమో.

స్టేషనుకి తిరిగొచ్చేసరికి మూడు దాటింది. పెదనాన్న వరండాలోనే ఉన్నాడు, ఏమన్నా తెలిసిందా సార్ అని ఆదుర్దాగా లేచాడు. పాపని నాకొదిలెయ్యమని ఎంత బతిమాలానో సార్, మా తమ్ముడి గుర్తు ఆ ఒక్కర్తే, వినకుండా బయల్దేరింది, చూడండి ఏమైందో అన్నాడు. పాప వాళ్లమ్మ ఆ మాటకి తల ఇంకా వంచుకుంది.

లోపల డిటెక్టివ్ కుర్చీ లాక్కుని కూతురికి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుంది. ముందుగా తల్లి వైపు తిరిగింది.

“పెద్దమ్మా, ఈసారి మీరు చెప్పకూడదు. ఏం తెలిసినా, ఎంత ఆలస్యమైనా.” తర్వాత ఇన్‌స్పెక్టర్‌తో, “మీరు రెండో ప్రశ్న వేయకూడదు.”

అతను గడియారం చూసి, తలుపుకి ఆనుకున్నాడు.

“అమ్మాయీ,” అంది డిటెక్టివ్. “పాప తప్పిపోయింది, తల్లిగారు రావాలి అని నువ్వు ఎప్పుడో ఒకసారి చదివావు. బస్టాండులో కాదు. బస్సుల చప్పుడు, ఫ్యాను చప్పుడు ఏదీ లేని చోట. ఎవరి కోసం చదివావు? తొందర లేదు. నేను కూర్చుంటాను.”

కూతురు చూసింది. మొహంలో ఏమీ కదల్లేదు. కదలని నీళ్లలోకి రాయి వేస్తే అడుగు చేరేదాకా ఎదురుచూసినట్టు గదంతా ఎదురుచూసింది. ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచి, మూసుకున్నాడు. బయట ఎవరో దగ్గారు. తల్లికి ఒకటే భయం. దీనికి గుర్తులేదేమో. గుర్తున్నా నోరు రాదేమో. నాలుగైపోతుందేమో. ఏదో ఒకటి తనే చెప్పేస్తే? నాలిక పళ్ల మధ్య పెట్టి నొక్కుకుంది. తను మాట అందించిన ప్రతిసారీ ఈ పిల్ల లోపల సగం దారిలో ఉండేదేమో, తన మాట విని వెనక్కి వెళ్లిపోయేదేమో అని మొదటిసారి తోచింది. రా తల్లీ, నడిచిరా, నేను పలకను, ఇక్కడే ఉన్నాను అనుకుంది మనసులో.

కూతురి పెదవులు విడివడ్డాయి. మూసుకున్నాయి. శాలువా కొసని పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి. చూపు డిటెక్టివ్ భుజం మీదుగా, తలుపు దాటి, వరండా వైపు వెళ్లి అక్కడే నిలిచింది.

“గొంతు బాగున్నప్పుడు… రికార్డు చేశాడు. జాతర్లకీ… సభలకీ… అమ్ముకుంటానన్నాడు,” అంది. బరువుగా, బొంగురుగా, ఒక్కొక్క మాటా మోసుకొచ్చి కింద పెడుతున్నట్టు. “అన్నీ చదివించాడు. పాప… తప్పిపోయిందని కూడా.”

డిటెక్టివ్ ఇంకాస్త ముందుకి వంగింది.

“ఎవరమ్మా?”

“టీ ఇస్తున్నాడే… ఆయన. నన్ను గుర్తుపట్టలేదు.” ఆగింది. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు. “కొట్టు వెనక గది. గోడలకి… పరుపులు కొట్టాడు. తలుపు వేశాక నాకు భయమేసింది. నవ్వాడు. ఇందులో ఎంత అరిచినా… పక్క గదిలోకి కూడా వినబడదమ్మా అన్నాడు.”